వదినకు నాలుగు నెలల ఫ్లోటు

నాకు ఆలస్యమంటే ఒళ్లు మంట. కాజీపేట రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాణ్ణి. మా నాయన గూడ్సు బండి గార్డు. పాలాయన పది నిమిషాలు లేటుగా వస్తే "ఏంది, ఔటర్ సిగ్నల్ కాడ నిలవెట్టిన్రా?" అని అడిగేవాడు. ఆ రక్తమే నాది. హనుమకొండలో కాలువ పనుల ఆఫీసులో జూనియర్ ఇంజనీరుగా చేరి, అక్కడ ఏ పనీ అనుకున్న రోజుకు కాదని తెలుసుకున్నాక మొదటి ఆరు నెలలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టాను. ఏడవలేక నవ్వడమే అనుకోండి.

ఆ నవ్వుకు ఒక కాగితం కూడా తయారైంది. నెలనెలా పై ఆఫీసుకు పంపే ప్రోగ్రెస్ రిపోర్టును సైక్లోస్టైల్ చేసేటప్పుడు ఒక స్టెన్సిల్ ఎక్కువ కోసి, దాని మీద నేను నా ఇష్టమొచ్చింది రాసేవాణ్ణి. దాని పేరు 'నవ్వుల ప్రోగ్రెస్ రిపోర్టు'. "రివ్యూ మీటింగు: పని ఎందుకు కాలేదో చెప్పడానికి పని ఆపి కూర్చోవడం." "గడువు: పెద్ద సారు మొహం చూసి చెప్పే తేదీ." "తొంభై శాతం పూర్తి: ఇంకా మొదలుపెట్టలేదు, కానీ కంకర వచ్చింది." ఇలాంటివి. రాసేది నేనైతే బొమ్మలు వేసేది మా ట్రేసర్ అన్న.

అన్న నాకంటే పన్నెండేళ్లు పెద్ద. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన నక్షాల మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరచి, సిరాతో తిరిగి గీయడం ఆయన ఉద్యోగం. గీతకు గీత ఎక్కడా వణకదు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి మనిషి. తండ్రి ఇంకా మగ్గం మీద కూర్చునేవాడు. ఆఫీసులో ఉన్నంతసేపు అన్న నోట్లోంచి నాలుగు మాటలు రావు గాని, నేను రాసినదానికి బొమ్మ వేయమంటే పెద్ద సారు పొట్టను ఒక్క గీతతో తేల్చేసేవాడు. ఆ పొట్టను చూసి పెద్ద సారే నవ్వాడని చెప్పుకున్నారు. నేను నమ్మను, ఆయన నవ్వగా నేను చూడలేదు.

ఆ రోజుల్లో మేనేజ్‌మెంటు అన్న మాట ఆఫీసుల్లో కొత్తగా తిరుగుతోంది. అంతకుముందు అందరికీ తెలిసింది బార్ చార్టు. పనికో అడ్డ గీత గీసి, అయినంత మేర పచ్చరంగు పూయడం. మీటింగు ముందురోజు పొద్దుటినుంచే అందరూ రంగు పెన్సిళ్లు పట్టుకునేవాళ్లు. అందరి గీతలూ పచ్చగా ఉండేవి, కాలువ మాత్రం ఎండిపోయి ఉండేది. ఇక లాభం లేదని పైవాళ్లు నన్నూ ఇంకో ఇద్దరినీ హైదరాబాదులో పదిహేను రోజుల ట్రైనింగుకు పంపారు. అక్కడ నెట్‌వర్కు చార్టు నేర్పారు. తిరిగొచ్చేసరికి నా కళ్లు నెత్తికెక్కాయి.

ఆ చార్టు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ప్రతి పనికీ ఒక బాణం గీత. ఏ పని అయ్యాక ఏ పని మొదలుకావాలో చూసి, ఆ గీతలను సున్నాల దగ్గర ఒకదానికొకటి కలుపుతూ పోవాలి. అన్ని దారుల్లోకీ పొడుగైన దారిని ఎర్ర సిరాతో గీస్తారు. ఆ దారిలో ఒక్క రోజు ఆలస్యమైనా మొత్తం ప్రాజెక్టు ఆలస్యమవుతుంది. మిగతా పనులకు కొంత వెసులుబాటు ఉంటుంది. ఎన్నాళ్లు ఆపినా మొత్తానికి నష్టం లేదో, ఆ వెసులుబాటుకు ఫ్లోటు అని పేరు. ఏ పనిని తొందరపెట్టాలో, ఏ పనిని ఆపొచ్చో కాగితమే చెబుతుంది. నాలాంటివాడికి ఇంతకంటే ఏం కావాలి? ప్రపంచమంతా నా చేతికి చిక్కినట్టే అనిపించింది.

ఆ ఏప్రిల్ నెల నవ్వుల రిపోర్టుకు ఏం రాద్దామా అని చూస్తుంటే, అన్న తన ఇంటి పనుల గురించి గొణుగుతున్నాడు. తమ్ముడి పెళ్లి మే నెలలో. వానలకు ముందు ఇంటి మీద పెంకులు తిరగేయాలి. మగ్గం గుంతలో నీళ్లు ఊరుతున్నాయి, దాన్ని బాగుచేయించాలి. బిడ్డ పది పరీక్ష రాసింది, పాసైతే జూన్ ఆఖరున కాలేజీలో చేర్పించాలి. దసరాకు కాలువలో నీళ్లు వదులుతారు గనక ఆఫీసులో నకళ్ల పని నెత్తి మీదుంది.

"ఇంకేమన్నా ఉన్నదా అన్నా?" అన్నాను, పెన్సిలు తీసుకుని.

"ఇంకేమున్నది... మీ వదినకు ఈడ రొమ్ముల ఏదో గడ్డ లెక్క తాకుతాందట. లేడీ డాక్టరమ్మ చూసి, హైదరాబాద్ దవాఖానకు పోయి పరీక్ష చేయించుకోమన్నది. నొప్పి లేదు, గిప్పి లేదు."

"ఎన్ని రోజులు పడుతది?"

"పోనురాను రెండు రోజులు."

'వదిన దవాఖాన, రెండు రోజులు' అని రాసుకున్నాను. ఆ జబ్బు పేరు అప్పట్లో ఇళ్లలో ఎవరూ పైకి అనేవారు కాదు. నేను విని ఉండకపోలేదు. కానీ ఆ క్షణంలో నా బుర్రలో తిరుగుతున్నది జబ్బు కాదు, గీత.

కాగితం మీద పనులన్నీ చక్కగా ముడిపడ్డాయి. పెళ్లికి చుట్టాలొస్తారు గనక ఇంటిముందు పందిరి పడాలి, పందిరి తీసేదాకా పెంకులు ఎక్కడానికి లేదు, పెంకులు తిరగేస్తేగాని మగ్గం గుంత ఆరదు. ఒక్క వదిన గీత మాత్రం దేనికీ ముడిపడలేదు. ఆమె దవాఖానకు పోకపోయినా వంట ఆగదు. మామకు మగ్గానికి నూలు కండెలు చుట్టిచ్చే పని ఆగదు. పెళ్లి ఆగదు. ఆమె పోవడం కోసం ఇంట్లో ఏ పనీ ఎదురుచూడటం లేదు. ఇలా కొస వేలాడే గీత ఉంటే చార్టు తప్పవుతుందని, దాన్ని తీసుకుపోయి ఆఖరి సున్నాకు కట్టేయాలని ట్రైనింగులో చెప్పారు. కట్టేశాను. ఆ ఆఖరి సున్నా దసరా. పెళ్లి అయ్యాక నుంచి లెక్క వేసినా వదినకు నాలుగు నెలలకు పైగా ఫ్లోటు వచ్చింది. ఇంట్లో మరే పనికీ అంత లేదు. పెంకులకు ఒక్క రోజు కూడా లేదు.

దాని పక్కన నేను రాసిన మాట ఇప్పటికీ గుర్తుంది: "ఇంటి ఇల్లాలు: ఎంత ఆలస్యమైనా ప్రాజెక్టుకు నష్టం లేని ఏకైక వనరు." అన్న నవ్వుతూ పక్కన గరిటె పట్టుకున్న ఆడమనిషి బొమ్మ వేశాడు. ఆఫీసంతా పడీపడీ నవ్వింది. పక్క డివిజన్లవాళ్లు కాపీలు అడిగి తీసుకుపోయారు. స్టేషన్ ఘన్‌పూర్ సెక్షన్‌లో దాన్ని గోడకు అంటించారని తెలిసింది. ఆ తర్వాత ఓ రెండు నెలలు అదొక పిచ్చి. ప్రతివాడూ తన ఇంటి చార్టు కూడా గీయమని వచ్చేవాడు. హెడ్ క్లర్కు ఇంట్లో ఎర్ర గీత వాళ్ల అత్తగారి మీదుగా పోయింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు గాని ఇంటికి తీసుకుపోలేదు.

మా అన్న మాత్రం తీసుకుపోయాడు. నా వెటకారం మాటలు వదిలేసి, చార్టును ట్రేసింగ్ కాగితం మీద అందంగా దించి, ఎర్ర సిరాతో దారి దిద్ది, వాళ్లింట్లో మగ్గం పక్క గోడకు అంటించాడు. నవ్వులాటకు గీసింది ఆ ఇంట్లో పంచాంగమైంది. అదే నేను ఊహించలేదు. కానీ నిజం చెప్పాలి, చూసినప్పుడు గర్వపడ్డాను.

పెళ్లికి పోయినప్పుడే చూశాను దాన్ని. వదిన నాకు అన్నం వడ్డిస్తూ, "చూసినవా తమ్మీ, నీ కాయితం పెట్టినకాన్నుంచి మీ అన్న నన్ను తిట్టుడు బంద్ చేసిండు. కాయితాన్నే తిడతాండు" అంది. సన్నటి మనిషి. మాట మాత్రం పెద్దది. అన్న నా ముందరే ఆమెతో, "పెండ్లి ఒడిసింది గదా, ఈ వారం హైదరాబాద్ పోయొద్దామా?" అన్నాడు.

"ముందుగాల పెంకులు కానియ్యుండ్రి. వాన నా కోసం ఆగుతదా? నాది ఆఖర్న ఉన్నది గదా" అని ఆమె గోడ వైపు చెయ్యి చూపించింది. అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది.

పెంకులు అనుకున్న రోజుకు అయ్యాయి. మగ్గం గుంత రెండు రోజులు ముందే అయ్యింది. బిడ్డ పాసై కాలేజీలో చేరింది. ఆఫీసులో నా చార్టు మీద కాలువ పని కూడా నడుస్తోంది. నా ఉద్యోగంలో మొదటిసారి ఒక పని గడువు లోపల అయ్యేటట్టు కనబడుతోంది. పెద్ద సారు నన్ను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. నేను నేల మీద నడవడం లేదు.

ఆగస్టులో ఒక ఆదివారం ఏవో నకళ్లు ఇవ్వడానికి కొత్తవాడ పోయాను. అన్న ఇంట్లో లేడు, నూలు తేవడానికి పోయాడు. వదిన అరుగు మీద కూర్చుని కండెలు చుడుతోంది. చాయ్ పెట్టి తెచ్చింది. ఇచ్చి లోపలికి పోకుండా గడప దగ్గర నిలబడింది.

"తమ్మీ, ఒక మాట అడుగుత. నవ్వద్దు."

"అడుగు వదినా."

"ఆ కాయితంల నాది జర ముందటికి జరిపితే కాదా?"

నేను నవ్వాను. ఆమె వద్దన్నా నవ్వాను. ఏదో చిన్నపిల్లకు చెప్పినట్టు గోడ దగ్గరికి పోయి, వేలు పెట్టి చూపించి, "ఇగో ఇది దసరా. నీకింకా యాభై రోజుల పైన ఫ్లోటు ఉన్నది. గంత ఫికరెందుకు వదినా? ఇప్పుడు పోతే అన్నకు లీవు పెట్టాల్సొస్తది, ఆఫీసు పని ఎర్ర గీత మీద ఉన్నది. నీళ్లు ఇడిసినంక నిమ్మళంగ పోవచ్చు" అన్నాను.

ఆమె ఆ గీత వైపు కాసేపు చూసింది. చీర కొంగు ఎడమ భుజం మీదకు లాక్కుంది.

"అట్లనే తీ. మీ అన్నతోని అనకు. ఉత్తగ ఆగమైతడు" అని గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

ఆమె నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కసారే. అడిగింది భర్తను కాదు, నన్ను. కాగితం గీసినవాణ్ణి నేను గనక, జరపగలిగినవాణ్ణి కూడా నేనేనని ఆమె అనుకుంది. నిజమే, పెన్సిలు గీత చెరిపి ఇంకో గీత గీయడానికి ఎంతసేపు పడుతుంది? ఆమెకు భయం వేసి ఉంటుందన్న సంగతి నాకు తట్టనే లేదు. అంత తెలివిగలవాణ్ణి ఆ రోజుల్లో నేను. అన్నతో అనకు అన్నది గనక అనలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అనకపోవడానికి అసలు కారణం అది కాదు. ఆఫీసుకు చేరేలోపే ఆ మాట మరిచిపోయాను.

సెప్టెంబరులో సెలవులన్నీ రద్దు చేశారు. ఎవరికి ఇవ్వాలో ఎవరికి వద్దో జాబితా రాసింది నేనే. అన్న వచ్చి బల్ల దగ్గర నిలబడి, "మూడు రోజులు దొరుకుతయా?" అన్నాడు. ఎందుకని కూడా అడగలేదు నేను. "నీళ్లు ఇడిసే దాక ఆగన్నా. తర్వాత వారం తీసుకో, నేను చూసుకుంట" అన్నాను. అన్న సరేనన్నాడు. ఆయన ఎప్పుడూ సరేననేవాడే.

బతుకమ్మ రోజుల్లో ఒక సాయంత్రం అటు పోతూ వాళ్ల వాడలో ఆగాను. ఆడవాళ్లు వలయంగా తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు. వదిన తిరగడం లేదు. గోడకు ఆనుకుని నిలబడింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా వాచి ఉంది, గాజులు లేవు. "ఏమైంది వదినా?" అంటే, "గాజులు బిగుసుకపోతే సబ్బు రాసి తీసిన" అంది. యాభై రోజులున్నాయని వేలు పెట్టి చూపించినవాణ్ణి, ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

దసరాకు నీళ్లు వదిలారు. అనుకున్న రోజుకు, అనుకున్న గంటకు. చప్పట్లు కొట్టారు, కొబ్బరికాయలు కొట్టారు. ఎర్రమట్టి కాలువలోకి నీళ్లు నురగలు కక్కుతూ వస్తుంటే పొలాలవాళ్లు దండాలు పెట్టారు. పెద్ద సారు నా భుజం తట్టాడు. జనంలో అన్న ఎక్కడున్నాడా అని వెతికాను, అక్కడ లేడు. మర్నాటి బండికి టిక్కెట్ల కోసం కాజీపేట పోయాడని తర్వాత తెలిసింది.

డాక్టర్లతో మాట్లాడటానికి తోడు ఉంటానని నేనూ బయల్దేరాను. పొద్దుటి బండిలో వదిన కిటికీ పక్కన కూర్చుంది. హైదరాబాదు ఆమె చూడటం అదే మొదలు. ఘన్‌పూర్ దాటాక చేన్లను చూస్తూ, "మీ నీళ్లు ఈడికి వస్తయా?" అని అడిగింది. ఎటుపక్కకు వస్తాయో అన్న చెబుతుంటే శ్రద్ధగా వింది.

దవాఖానలో పెద్ద డాక్టరు ఆమెను లోపల పరీక్ష చేసి వచ్చి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు. వదినను బయట ఉండమనలేదు. అప్పటి డాక్టర్లు అలాంటివి పాటించేవారు కాదు.

"ఎప్పుడు కనిపించింది ఈ గడ్డ?"

"ఎండకాలంల సార్" అన్నాడు అన్న.

"ఎండాకాలంలో కనిపిస్తే ఇప్పుడా తీసుకొచ్చేది? అప్పుడే వచ్చుంటే మేం చేయగలిగింది చాలా ఉండేది. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు మీరు?"

అన్న పక్కన కుర్చీలో నేను కూర్చున్నాను. నాకు ఇంగ్లీషు వచ్చు, తెలుగు వచ్చు, జరిగింది ఏమిటో ముగ్గురిలోకీ నాకే పూర్తిగా తెలుసు. నేను బల్ల అంచు వైపు చూస్తూ ఉండిపోయాను.

అప్పుడు వదిన అంది. "నేనే రానన్న సారూ. ఈయన ఎంత మొత్తుకున్నా నేనే ఇనలే. పనులున్నయి, పనులున్నయని నేనే ఆపిన."

అని నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. ఊరుకో తమ్మీ అన్నట్టుగా ఉంది. నేను ఊరుకున్నాను.

మందులిచ్చారు, కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్. నాలుగుసార్లు పోయి వచ్చారు. ఫాల్గుణంలో, ఇంకా ఎండలు ముదరకముందే, వదిన పోయింది. ఆఖరి వారం దాకా మంచం మీద నుంచే మామకు కండెలు చుట్టిందని అన్న చెప్పాడు. నవ్వుల రిపోర్టు అంతకుముందే ఆగిపోయింది. ఎందుకు బందు పెట్టావని చాలామంది అడిగారు, తీరిక లేదన్నాను. బొమ్మలు వేసే అన్న మాత్రం అడగలేదు.

ఆ తర్వాత ఆరేళ్లు ఒకే గదిలో పనిచేశాం. ఎన్నోసార్లు చెప్పాలనుకున్నాను. ఈ రోజు చెబుదామని ఆఫీసుకు పోయి, మొహం చెల్లక వెనక్కి వచ్చిన రోజులు నాకే గుర్తు లేనన్ని. నాకు బదిలీ అయినప్పుడు ఆఫీసు ఎదుట హోటల్లో ఇద్దరం కూర్చుని చాయ్ తాగాం. ఎనభైలు సగం దాటాయి. ఇక నుంచి చార్టులు కంప్యూటరే గీస్తుందట, ట్రేసర్ల అవసరం ఉండదట అని నేనేదో చెబుతున్నాను. అన్న వినడం లేదు. ఆ వారమే వాళ్ల బిడ్డకు బడిపంతులమ్మ ఉద్యోగం వచ్చింది.

"ఈ సంబురం చూడకపోయె" అన్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, ఎప్పుడూ పెంచని గొంతు పెంచాడు. "మొండిది తమ్మీ మీ వదిన. పెండ్లినాడు నేను పోదామంటే ఆఖర్న పోతనన్నది. మల్ల ఒక్కపారన్న నోరు తెరిచి అడిగిందా? పోదామని ఒక్కమాట అడిగితే నేను కాదందునా? ఇన్నేండ్లాయె, ఇప్పటికీ పటం ముందు నిలవడి తిడత. ఎందుకడగలే నువ్వు అని."

కళ్లు తుడుచుకుని నా వైపు చూశాడు. "నువ్వు గూడ ఇంట్ల మనిషివే గదా. నీతోనన్న ఎన్నడన్న అన్నదా?"

"లేదన్నా" అన్నాను.